చల్లనీళ్ళ జిగురు

అవిసె గింజలు నానబెట్టిన గిన్నె సంగతి కడిగినవాళ్ళకే తెలుస్తుంది. వేడినీళ్ళు పోస్తే ఇంకా సాగుతుంది. పీచుతో రుద్దితే పీచుకే పట్టుకుంటుంది. చేత్తో తుడుద్దామంటే వేళ్ళ సందుల్లోంచి తీగలు తీగలుగా జారి మోచేతి దాకా ప్రయాణం కడుతుంది. చల్లటి నీళ్ళు పోసి, కాస్త ఉప్పు జల్లి, దాని మానాన దాన్ని వదిలేయాలి. అప్పుడే బుద్ధిగా ఊడి వస్తుంది. ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు వంటింట్లోంచి, "ఈ జిగురు చేతికి పట్టుకుని వదలడం లేదండీ, ఏం చెయ్యాలి?" అని అడిగితే, పక్క గదిలోంచి ఆయన, "అలవాటవుతుందిలే" అన్నాడు.

ఆయనకది ఊతపదం. పొద్దున్నే లేవలేకపోతున్నానన్నా అదే మాట. మీ అమ్మగారు నన్ను పిలిచినప్పుడల్లా నేనేదో తప్పు చేసినట్టు ఉలిక్కిపడుతున్నానండీ అన్నా అదే మాట. మనిషి చెడ్డవాడేం కాదు. గొంతు పెంచడు, వంకలు పెట్టడు, ఆమె పుట్టినరోజు మర్చిపోడు. కాకపోతే ఆ ఇంట్లో అలవాటు పడే బాధ్యతంతా ఒక్క మనిషికే అప్పజెప్పి, మిగిలినవాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. ఆమె కూడా పాపం అన్నిటికీ అలవాటు పడుతూనే వచ్చింది, గిన్నెతో సహా.

ఆ జిగురు అత్తగారి తలకి. డెబ్భై దాటినా ఆవిడకి వెండి తీగల్లాంటి ఒత్తయిన ఉంగరాల జుట్టు. అది గాలికి లేవకుండా అణిగి మెరవాలంటే అవిసె జిగురు రాయాల్సిందే, బజారులో దొరికేవి పనికిరావు. అందుకని వారం వారం కోడలు గింజలు నానబెట్టి, జిగురు తీసి, ఓ చుక్క గులాబీ సెంటు కలిపి సీసాకెత్తుతుంది. పొయ్యి దగ్గర నిలబడి మరగబెట్టే తీరిక ఆమెకెక్కడిది? పడుకోబోయే ముందు చల్లటి నీళ్ళలో గింజలు పోసి ఫ్రిజ్‌లో తోసేస్తుంది. తెల్లారేసరికి జిగురు తనంతట తనే దిగి ఉంటుంది. గుడ్డలో వేసి వడకడితే సరి.

ఇంట్లో జిగురు తీసి ఆమె ఉద్యోగానికి వెళ్ళేది కూడా జిగురు తీయడానికే. నమ్మండి, ఇందులో కల్పన లేదు. ఆమె పనిచేసే ల్యాబులో మొక్కల జిగుళ్ళ మీద పరిశోధన. ఇన్సులిన్‌ని మాత్రలా మింగితే కడుపు దాన్ని కూడా అన్నంలాగే అరిగించేస్తుంది. అందుకే లోకంలో ఇంతమంది పూట పూటా సూదులు పొడుచుకుంటున్నారు. మరి ఇన్సులిన్‌ని జిగురు పూసలో దాచి మింగిస్తే? ఆ పూస కడుపులోని ఆమ్లానికి కరక్కుండా గట్టిగా ఉండి, పేగులోకి దిగాక మెల్లగా విచ్చుకుని, దాచుకున్నది అక్కడ ఇచ్చేస్తే? అదీ ఆమె పని. భర్త నలుగురిలో ఆమెను పరిచయం చేసేటప్పుడు, "మా ఆవిడ జిగురు డాక్టరు" అంటాడు. నలుగురూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఇంటికొచ్చాక మాత్రం ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని తనని తనే తిట్టుకుంటుంది.

పూసలు చేయడం చూడముచ్చటగా ఉంటుంది. జిగురులో ఇన్సులిన్ కలిపి, సన్నటి గొట్టంలోంచి కాల్షియం నీళ్ళలోకి చుక్క చుక్కగా జారవిడిస్తే, పడిన చుక్క పడినట్టే గట్టిపడి పూస అవుతుంది. చిక్కల్లా ఆ తర్వాతే. కడుపు ఆమ్లం లాంటి ద్రవంలో వేసి భోజనం చేసి వచ్చేలోగా పూసలన్నీ విచ్చిపోయి, పాత్ర నిండా మడ్డి మిగిలేది. ఎన్ని రకాలుగా చేసినా అంతే. ల్యాబు పెద్దసారు ఎప్పుడో వయసులో ఉండగా రాసిన పద్ధతి ఒకటుంది. గింజల్ని మరిగే నీళ్ళలో వేయాలి, గిలక్కొట్టాలి, వేడి మీదే వడకట్టాలి. అక్కడ అందరూ కళ్ళకద్దుకుని చేసేది ఆ పద్ధతినే. ఒకసారి మీటింగులో ఆమె నోరు తెరిచి, "సార్, చల్లటి నీళ్ళలో నానబెట్టి చూస్తే? వేడికి గింజలోంచి జిగురుతో పాటు అక్కర్లేనివన్నీ దిగుతున్నాయేమో" అంది. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "వంటింటి చిట్కాలు వంటింట్లోనే ఉండనీ అమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది ఇస్త్రీ.

ఇస్త్రీ అన్నది పక్క బల్ల మీద పనిచేసే తోటి శాస్త్రవేత్తకి ఆమె మనసులో పెట్టుకున్న పేరు. చొక్కా మీద ఒక్క ముడత కనిపించదు. ఆ ముడతలు ఎవరు తీసి పంపుతున్నారో అని ఆమెకు రోజూ ఓ ఆలోచన వచ్చి పోతుంది. మాట్లాడేటప్పుడు చేతులు తిప్పడంలో అతన్ని మించినవాడు లేడు. బయటివాళ్ళు ఎవరొచ్చినా ల్యాబు తరఫున మాట్లాడేది అతనే. వాళ్ళకి టీలు, బిస్కెట్లు అమర్చేది ఆమె. ఇలాగని ఎవరూ రాసి పెట్టలేదు. అదంతా కుదిరింది మధ్యాహ్నం భోజనాల వేళ.

ఆ వేళకి ల్యాబులో అందరూ ఒక బల్ల చుట్టూ చేరి డబ్బాలు విప్పుతారు. ఏ పని ఎవరికి, ఎవరి పేరు ముందు, వచ్చే నెల ఎవరు ఎక్కడికి వెళ్ళాలి, అన్నీ అక్కడే ముద్దకీ ముద్దకీ మధ్య తేలిపోతాయి. ఆ వేళకి ఆమె మాత్రం బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటుంది. అత్తగారికి భోజనం ముందు ఇన్సులిన్ వేయాలి. ఆవిడకి చేతులు వణుకుతాయట. భర్త ఇంట్లోనే ఉంటాడు. ఆయన ఉద్యోగం ఇంటి నుంచే, కంప్యూటరు ముందు. కానీ ఆయనకి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయట. కాబట్టి ఊరికి ఆ చివరున్న ఆమె ఉరుకులు పరుగుల మీద ఇంటికొచ్చి, సూది వేసి, అత్తగారికి వడ్డించి, తనూ ఓ నాలుగు ముద్దలు మింగి, మళ్ళీ బస్సెక్కాలి. రెండేళ్ళుగా ఇదే వరస. ఆమె తిరిగి ల్యాబుకి చేరేసరికి బల్ల మీద మెతుకులు కూడా మిగలవు, నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి.

ఇలా ఉండగా ల్యాబులో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడక, తీసిన జిగురు పాడవడం మొదలైంది. కొత్త ఫ్రిజ్ అడిగితే చూద్దాం అన్నారు. చూసేలోగా పని ఆగకూడదు కదా అని ఆమె ల్యాబు జిగురు సీసాని మంచుముక్కల పెట్టెలో పెట్టుకుని రాత్రికి ఇంటికి తెచ్చి, పొద్దున్నే పట్టుకుపోవడం మొదలుపెట్టింది. అత్తగారి జిగురు పోసే సీసా కూడా ఒకప్పుడు ల్యాబులో పారేయబోతే తెచ్చుకున్నదే. రెండూ కవలపిల్లలే. అందుకని ల్యాబు సీసా మెడకి ఎర్ర రబ్బరు బ్యాండు వేసింది. తెలివైన ఏర్పాటే. అయితే ఒకరోజు పొద్దున అత్తగారికి జడకి రబ్బరు బ్యాండు కనబడలేదు.

ఆ పొద్దున ఎలాంటిదంటే, ఒక చేత్తో అత్తగారికి టిఫిను ముందు సూది వేస్తోంది, పక్క గదిలోంచి ఆయన, "ఏమోయ్, నా సాక్సు ఒకటే కనబడుతోంది" అంటున్నాడు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగానికి సాక్సులెందుకో అడిగే తీరిక కూడా లేదు. బస్సు వేళ అయిపోతోంది. ఫ్రిజ్ తెరిచి ముందున్న సీసాని పెట్టెలో వేసుకుని పరిగెత్తింది. ఆ ఎర్ర రబ్బరు బ్యాండు అప్పటికే అత్తగారి వెండి జడ కొసన దర్జాగా ఊగుతోంది.

ల్యాబులో జిగురు కాస్త చిక్కగా అనిపించింది. చలికి బిగుసుకుందనుకుంది. ఏదో గులాబీ వాసన వేసింది. ఇవాళ ఇస్త్రీ సెంటు ఎక్కువ కొట్టుకొచ్చాడనుకుంది. ఇన్సులిన్ కలిపి చుక్కలు జారవిడిచింది. పూసలు ముద్దొచ్చేలా వచ్చాయి. వాటిని ఆమ్లంలో వేసి, అలవాటుగా బస్సెక్కి ఇంటికి వచ్చింది.

తలుపు తీస్తూనే అత్తగారు అందుకుంది. "ఇదేం జిగురే అమ్మాయ్? నీళ్ళు నీళ్ళుగా ఏడ్చింది. రాస్తే నెత్తి మీద నిలవకుండా చెవుల్లోకి కారుతోంది. వాసనా లేదు, పాడూ లేదు."

"పొద్దుటి హడావుడిలో సరిగ్గా వడకట్టలేదేమో అత్తయ్యా" అని సర్దిచెప్పి, సూది వేసి, వడ్డించి, మళ్ళీ బస్సెక్కింది. కమ్మీ పట్టుకుని నిలబడి కళ్ళు మూసుకుంది. నీళ్ళు నీళ్ళుగా. వాసన లేదు. ల్యాబులో చిక్కగా, గులాబీ వాసన. చటుక్కున కళ్ళు తెరిచింది. పెద్దసారు జీవితకాలం కృషి అత్తగారి చెవుల్లోకి కారుతోందన్నమాట. ఆ దృశ్యం తలుచుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. పక్కనున్న ప్రయాణికురాలు ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది. నవ్వు అయ్యాక దిగులు పట్టుకుంది. ఖరీదైన ఇన్సులిన్ అత్తగారి తల జిగురులో కలిపేసినట్టే అయింది. ఎవరూ చూడకముందే ఆ పాత్ర కడిగేయాలి అనుకుంటూ మెట్లు ఎక్కింది.

పాత్రలో మడ్డి లేదు. పూసలున్నాయి. వేసినవి వేసినట్టే, ముత్యాల్లా అడుగున కూర్చుని ఉన్నాయి. ఆమె కుర్చీ లాక్కుని వాటి ముందు కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. వాటిని వడగట్టి, పేగుల్లో ఉండే ద్రవం లాంటి దాంట్లోకి మార్చి, కదలకుండా చూస్తూ ఉండిపోయింది. సాయంత్రానికి అవి ఒక్కొక్కటే ఉబ్బి, మెత్తబడి, తమలో దాచుకున్నది వదలసాగాయి. ఇన్సులిన్ చెడకుండా బయటికొచ్చిందని కొలతలు చెప్పాయి. ల్యాబులో అందరూ వెళ్ళిపోయారు. ఆమె చెప్పులు విప్పి, బల్లల మధ్య ఉన్న ఇరుకు దారిలో గిరగిరా తిరిగింది. బడిలో చదివేటప్పుడు కూడా అంత బాహాటంగా గెంతలేదు. ఆ సంతోషం ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో తోచక పూసలకే చెప్పింది.

ఒకసారి వస్తే గాలివాటం కావచ్చు. మర్నాటి నుంచి సెంటు లేకుండా చేసింది. వేరే గింజలతో చేసింది. మరిగించిన జిగురూ, చల్లనీళ్ళ జిగురూ పక్కపక్కన పెట్టి చేసింది. ప్రతిసారీ మరిగించినవి విచ్చిపోయాయి, చల్లనీళ్ళవి నిలబడ్డాయి. ఇంకా ఎలుకల దాకా కూడా పోలేదు, మనుషుల దాకా ఎప్పటికో. అయినా మొదటి గడప దాటినట్టే. అన్నీ సరిచూసుకున్నాక పెద్దసారు ముందు పెట్టింది. సీసాలు మారిన సంగతి కూడా దాచకుండా చెప్పింది.

పెద్దసారు కడుపుబ్బ నవ్వాడు. ఆనందంతోనే నవ్వాడు, కాదనకూడదు. "జుట్టుకి రాసుకునేదా! భలే దానివమ్మా. సైన్సులో పెద్దవన్నీ పొరపాటునే దొరుకుతాయి" అన్నాడు. ఆ మాట దగ్గర ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. కానీ అప్పటికి సంతోషంలో ఉంది, పట్టించుకోలేదు. వారం తిరక్కుండానే కబురు తెలిసింది. తర్వాతి దశకి అనుమతి ఇచ్చే కమిటీ వస్తోంది. ఈ పని ఎవరి చేతుల్లో సాగాలో కూడా వాళ్ళే తేలుస్తారు. ఎవరు నిలబడి చెబితే పని వాళ్ళదే అవుతుంది. ఎప్పటిలాగే ఈ నిర్ణయం కూడా భోజనాల బల్ల దగ్గర జరిగిపోయింది. ఇస్త్రీ చెబుతాడు.

"కమిటీ కూర్చునేది సరిగ్గా నువ్వు ఇంటికి వెళ్ళే వేళ" అన్నాడు పెద్దసారు ఎంతో దయగా. "పెద్దావిణ్ణి చూసుకోవాలి కదా. నీకెందుకీ శ్రమ? పొద్దున్నే టీ ఏర్పాట్లు మాత్రం చూసి వెళ్ళు."

"మీరేం కంగారు పడకండి మేడమ్" అన్నాడు ఇస్త్రీ, చేతులు తిప్పుతూ. "ఆ జుట్టు జిగురు జోకుతోనే మొదలుపెడతాను. గది గదంతా నవ్వాలి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అంట్లు తోముతూ చెప్పింది భర్తకి. ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు, నిజంగానే విన్నాడు. విని, "ఒక్కరోజు ఎవరు మాట్లాడితే ఏముంది? పని నువ్వే చేశావని నాకు తెలుసు కదా" అన్నాడు.

ఆమె తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. మీకు తెలిస్తే సరిపోతుందా అని అడగబోయి ఊరుకుంది. అడిగితే ఆయన సరిపోదా అంటాడు, అంత అమాయకుడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన చేసిన ప్రతి పనీ ఎవరో ఒకరు చూసి మెచ్చుకున్నారు. చిన్నప్పుడు తల్లి, బడిలో మేష్టర్లు, ఇప్పుడు కంప్యూటరులోంచి పై అధికారి. మంచినీళ్ళ గ్లాసు తీసి సింకులో పడేస్తే చాలు, "వాడు నాకు ఎంత సాయమో" అని అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పుకుంటుంది. ఎవరూ చూడని పని ఎలా ఉంటుందో ఆయనకి ఊహకి కూడా అందదు. తను మాత్రం ఇన్నాళ్ళూ అలాంటి పనిలోనే బతికింది. కడిగిన గిన్నె మళ్ళీ అంటవుతుంది, దిగిన బస్సు మళ్ళీ ఎక్కాలి. ఈ పూసలు అలా కాదు. అవి నిలబడ్డాయి. వాటిని ఇంకొకరి చేతిలో పెట్టి టీ కప్పులు సర్దడం తన వల్ల కాదని ఆమెకు ఆ సింకు ముందు నిలబడ్డప్పుడే స్పష్టంగా తెలిసింది. చేతులు తుడుచుకుని, పళ్ళబుట్టలోంచి ఒక కమలాపండు, వాడని సిరంజి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కూర్చోండి" అంది. "సూది వేయడం నేర్పుతాను. ఎల్లుండి మధ్యాహ్నం నేను రాను."

"నాకు కళ్ళు తిరుగుతాయని తెలుసు కదోయ్."

"పండుకి రక్తం రాదు. కానివ్వండి."

ఆయన సిరంజిలో నీళ్ళెక్కించడం దాకా బాగానే చేశాడు. సూదిని పండు దగ్గరికి తెచ్చేసరికి ముఖాన చెమటలు పట్టాయి. కళ్ళు గట్టిగా మూసుకుని పొడిచాడు. సూది పండుని తప్పించుకుని బల్లగుడ్డకి దిగింది, నీళ్ళు ఆయన చొక్కా మీదకే చిమ్మాయి. ఆయన మెల్లగా కుర్చీలోంచి నేల మీదకి జారి, గోడకి ఆనుకుని కూర్చుని, "ఒక్క నిమిషం" అన్నాడు నీరసంగా.

ఇదంతా టీవీ ముందు కూర్చుని ఓరకంట చూస్తున్న అత్తగారు లేచి వచ్చింది. "ఇటు తెండి, నా తల్లే, నా తండ్రే" అని విసుక్కుంటూ కొత్త సిరంజి తీసుకుంది. పండుని దూదితో తుడిచింది. నీళ్ళెక్కించి, సిరంజిని వెలుగుకి పట్టి, గాలిబుడగ లేకుండా చిటికేసి చూసింది. సూదిని నిటారుగా దించి, మెల్లగా నొక్కి, లోలోపల అంకెలు లెక్కపెట్టుకుని బయటికి తీసింది. ఒక్క బొట్టు కారలేదు.

ఆమె ఆ పండుని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "అత్తయ్యా, మీకు చేతులు వణుకుతాయి కదా" అంది.

"వణుకుతాయి. నీ ముందు." అత్తగారు సిరంజి మూత పెడుతూ ఆమె వంక చూడలేదు. "ఆస్పత్రిలో నర్సమ్మ మొదటి రోజే నేర్పింది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకుముందైతే ఆ మంటని గిన్నెల మీద చూపించేది. ఇవాళ దాచుకోదలచుకోలేదు. "రెండేళ్ళు అత్తయ్యా. ఎండలో, వానలో, ఆ బస్సులో నిలబడి. అక్కడ అందరూ కూర్చుని మాట్లాడుకునేది ఆ వేళే. నేను ఉండను కాబట్టి ప్రతిసారీ నన్ను పక్కన పెడతారు. ఇప్పుడు నా పని తీసుకెళ్ళి ఇంకొకరికి ఇచ్చారు."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు?"

"మీరెప్పుడూ అడగలేదు."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ అంత చిన్నగా కనబడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. "వీడు ఇంట్లో ఉన్నా లేనట్టేనే" అంది నేల మీదున్న కొడుకుని చూపించి. "కంచం పట్టుకుని ఆ పెట్టె ముందుకి పోతాడు. నేను గోడని చూస్తూ తినాలి. ఒక్కత్తినీ కూర్చుంటే నాకు ముద్ద దిగదు. నువ్వు పరిగెత్తుకొచ్చి కూర్చున్న ఆ కాసేపే నాకు భోజనం."

"తోడుగా తినమని అడగొచ్చు కదా?"

"అడిగితే లోకువ. జబ్బయితే లోకువ కాదు" అంది అత్తగారు.

ఆమె కోపం పోలేదు. కానీ ఆ మాట ఆ కోపం పక్కనే వచ్చి కూర్చుంది. తను మాత్రం ఏం చేసింది ఇన్నాళ్ళూ? అడిగితే లోకువవుతానని తనూ నోరు మూసుకునే ఉంది కదా. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే బల్ల దగ్గర రోజూ ఎదురెదురుగా కూర్చుని, చెరో మాటా మింగుతూ భోజనం చేశారు. అది తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అత్తగారి జడ కొసన ఎర్ర రబ్బరు బ్యాండు కనబడింది. ఇక నవ్వే వచ్చింది. ఆవిడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

నేల మీద నుంచి, "మరి నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు ఆయన.

"సూది ఆవిడే వేసుకుంటారు. మీరు వడ్డించి, మీ కంచం కూడా తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూర్చోండి. గిన్నెలు కడిగేది కూడా మీరే. ఎల్లుండి ఒక్కరోజే కాదు, రోజూ."

"నాకు అలవాటు లేదే" అన్నాడు ఆయన. ఆమె తడిసిన బల్లగుడ్డ తీసి దులిపి మళ్ళీ పరిచింది.

కమిటీ వచ్చే రోజు పొద్దున, ఆమె బయల్దేరబోతుంటే అత్తగారు ఆపింది. "అంతమంది ముందుకి ఆ రేగిన జుట్టుతోనా? కూర్చో" అని ముందర కూర్చోబెట్టుకుంది. రాత్రి తనే నానబెట్టిన గింజల్లోంచి తనే జిగురు తీసి ఉంచిందట. గిన్నెలోంచి వేళ్ళతో తీసి, పాపిట నుంచి కొసల దాకా నెమ్మదిగా రాసింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె తల మీద ఒక చెయ్యి పడటం అదే మొదటిసారి. మెడ దాకా చల్లగా హాయిగా అనిపించింది. ఎప్పుడూ బస్సుకోసం పరిగెత్తే మనిషి, ఆ రోజు జుట్టు ఆరేదాకా కదలకుండా కూర్చుంది.

ల్యాబుకి వెళ్ళి, టీ కప్పుల వైపు పోకుండా తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది. "సార్, ఇవాళ నేను చెబుతాను" అంది.

"మరి మధ్యాహ్నం నీ ఇంటి పనో?"

"దాన్ని ఇంట్లోవాళ్ళకి ఇచ్చేశాను సార్."

పెద్దసారు ఏదో అనబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆ ముఖంలో ప్రాధేయపడటం లేదు, దెబ్బలాట లేదు. బస్సు తప్పిపోతుందేమోనన్న తొందర కూడా లేదు. అలాంటి మనిషిని ఏమని పంపించాలో ఆయనకి తెలియలేదు. కమిటీ కూర్చునే వేళకి ఇస్త్రీ ముడతలేని చొక్కాతో వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. టీలు ఎవరు పెట్టారో ఆమె అడగలేదు. ఎవరో పెట్టారు, కాస్త చల్లారిపోయాయి, ఎవరూ చచ్చిపోలేదు.

మరిగించినవీ, చల్లనీళ్ళవీ వేసిన పాత్రలు రెండింటినీ ఆమె పక్కపక్కన పెట్టి చూపించింది. మొదట్లో కాగితం చూసి చెప్పింది. పూసల దగ్గరికి వచ్చేసరికి కాగితం పక్కన పెట్టేసింది. కమిటీకి పెద్ద, నెరిసిన పొట్టి జుట్టావిడ, లేచి వచ్చి ఆమ్లంలో కూర్చున్న పూసల్ని వంగి చూసింది. ఆవిడ ముఖం చిన్నపిల్లలా వెలిగింది. "ఎంత బుద్ధిగా ఉన్నాయో" అంది. "మరిగించకూడదని ఎలా తట్టింది మీకు?"

పెద్దసారు కుర్చీలో ముందుకి జరిగాడు. "అదో సరదా కథ మేడమ్. పొరపాటున..."

"సీసా మారడం పొరపాటు సార్" అంది ఆమె, నెమ్మదిగానే. "సీసాలో ఉన్నది పొరపాటు కాదు. అది మా ఇంట్లో ఏళ్ళ తరబడి వారం వారం నేను చేస్తున్న పని. చల్లటి నీళ్ళలో చేద్దామని ఈ గదిలోనే అడిగాను కూడా."

గదిలో ఎవరూ నవ్వలేదు. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కాసేపు తన పేరున్న పాత పద్ధతి కాగితం వైపు చూశాడు. "అడిగింది" అన్నాడు చివరికి. "నవ్వింది నేనే."

పొట్టి జుట్టావిడ పెన్ను తీసి ఏదో రాసుకుంది. "అయితే ఎలుకల దాకా మీరే తీసుకువెళ్ళండి" అంది ఆమెతో, వేరే మాటలేం లేకుండా. ఆపైన దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "ఇందాకటి నుంచీ అడుగుదామనుకుంటున్నాను. గులాబీ వాసన మీ దగ్గరేనా?" అంది.

"నా దగ్గరే" అంది ఆమె.

అందరితో పాటు భోజనాల బల్ల దగ్గర కూర్చుంది ఆ రోజు. రెండేళ్ళలో మొదటిసారి. పక్కన ఇస్త్రీ డబ్బా విప్పుతూ, మొహమాటంగా, "బాగా చెప్పారు మేడమ్" అన్నాడు. ఆమె నిదానంగా, ఒక్కో ముద్దా నమిలి తింది. ముద్దకీ ముద్దకీ మధ్య కొత్త ఫ్రిజ్ సంగతి ఎత్తింది. రేపే తెప్పిద్దాం అన్నాడు పెద్దసారు. అంత తేలికన్నమాట, అనుకుని నవ్వుకుంది. ఒళ్ళు గాల్లో తేలిపోతున్నట్టుంది.

అప్పుడు ఫోను మోగి ఆగింది. భర్త దగ్గర నుంచి మెసేజీ. అమ్మ తనే వేసుకుంది, నేను కళ్ళు మూసుకోకుండా చూశాను, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం, అమ్మ నీ గురించి రెండుసార్లు అడిగింది అని ఉంది. చదువుతుండగానే ఇంకోటి వచ్చింది.

"గిన్నెలన్నీ కడిగేశాను. పొద్దుటి జిగురు గిన్నె ఒక్కటీ లొంగడం లేదు. వేడినీళ్ళు పోశాను, పీచు పెట్టి రుద్దాను. చేతికి పట్టుకుని వదలడం లేదు. ఏం చెయ్యాలి?"

చల్లటి నీళ్ళు పోసి, కాస్త ఉప్పు జల్లి, కాసేపు వదిలేయండి అని రాసింది. పంపబోతూ ఒక్క క్షణం ఆగింది. రాసినదంతా చెరిపేసి, నవ్వుతూ, మళ్ళీ ఒకే ఒక్క మాట రాసి పంపింది.

"అలవాటవుతుందిలే."